చిటికెన వేలు అందని మెట్టు

టి. నగర్‌లోని ఆ చీరల కొట్టుకి నేను చీర కొనడానికి వెళ్ళలేదు. ఒక మనిషిని తిట్టడానికి వెళ్ళాను. వరసగా కొన్ని ఆదివారాలుగా ఆయన మా దగ్గరికి రావడం లేదు. ఫోను చేస్తే స్విచాఫ్. రానని చెప్పి ఉంటే సరేననుకునేవాణ్ణి. వస్తానని చెప్పి రాకపోతే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎస్కలేటరు మీద పైకి వెళ్తూ ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను కూడా.

పట్టుచీరల కౌంటరు వెనక ఆయన చోట ఇంకో సేల్స్‌మన్ నిలబడి ఉన్నాడు. "రండి సార్, పెళ్ళికా?" అన్నాడు. ఆయన లేరా అని అడిగాను. అతను చేతిలోని చీర మడత అలాగే పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"మీకు తెలీదా సార్? ఆయన పోయినారు. గుండె ఆపరేషన్ చేసినారు. మూడో దినం పోయినారు."

పేర్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పక్క కౌంటర్లో ఎవరో రంగులు ఏరుకుంటున్నారు, స్పీకర్లో ఏదో సినిమా పాట వస్తోంది. అతను అంతటితో ఆపినా బాగుండేది.

"ఆదివారం పొద్దున్నే ఆస్పత్రిలో చేరాల సార్ ఆయన. చేరకుండా యాడికో మాండలిన్ వాయించేదానికి పోయినాడంట. ఆయన భార్య అన్నం క్యారియర్ పెట్టుకోని మద్దేనం దాకా ఆస్పత్రి బెంచీ మీద కాచుకోనుండాది. పోయినాక ఈడికొచ్చి చెప్పి ఏడ్చింది. ఎవుళ్ళు సార్ వాళ్ళు? గుండె జబ్బు మనిషిని పిలిపించుకోని వాయించుకునేది?"

వాళ్ళు మేమే. కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను. అతను నాకు మంచినీళ్ళు తెప్పించాడు. వాళ్ళలో నేనొకణ్ణని అతనికి తెలియదు.

ఆ ఆదివారం ఆయన మాకు ఆస్పత్రి సంగతి చెప్పలేదు. ఒక్క మాట చెప్పినా చెయ్యి పట్టుకుని నేనే ఆటో ఎక్కించేవాణ్ణి. ఆస్పత్రినీ, బెంచీ మీద భార్యనీ, తన ప్రాణాన్నీ పక్కన పెట్టి రావలసినంతగా మా దగ్గర ఏముందని వచ్చాడు? ఆ రోజు నుంచీ నా బుర్రని ఈ ప్రశ్నే తినేస్తోంది.

నాది తెనాలి వైపు. ఉద్యోగం చెన్నై శివారు మనలిలో, ఒక రసాయనాల ఫ్యాక్టరీలో. వారమంతా పైపులూ వాల్వులూ, ఆదివారం మాండలిన్. చెన్నైలో మాండలిన్ అన్నామంటే ఎదుటివాళ్ళు వెంటనే కచేరీ అనుకుని గౌరవంగా చూస్తారు. ఇది ఆ సంగీతం కాదు, అమెరికాలో కొండప్రాంతాల వాళ్ళు వాయించుకునే బ్లూగ్రాస్ అని చెప్పగానే ఆ గౌరవం కాస్తా పోతుంది. "సరే, అది ఏ రాగం?" అని అడుగుతారు. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నానంటే ఆ మాత్రం కూడా అడగరు.

చూలైలో ఒక లేతు వర్క్‌షాపు ఉంది. దాని యజమాని గిటారు వాయిస్తాడు. ఒక పళ్ళ డాక్టరమ్మాయి బ్యాంజో వాయిస్తుంది. ఆదివారం మిషన్లు ఆపి ఉంటాయి కాబట్టి ఆ ఇనపరజను వాసనలోనే ముగ్గురం గుండ్రంగా నిలబడి వాయించుకునేవాళ్ళం. ఈ సంగీతంలో డ్రమ్ము ఉండదు. ఆ పని మాండలిన్‌దే. తీగలన్నీ కలిపి నొక్కి, పిక్ అనే చిన్న బిళ్ళతో కొట్టిన మరుక్షణం వేళ్ళు సడలిస్తే తీగ మోగకుండా 'టక్' మంటుంది. దాన్ని చాప్ అంటారు. ఆ టక్కు మీదే మిగతావాళ్ళు పరిగెత్తుతారు. ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. వంతు వచ్చినవాడు పాటని ఒంటరిగా వాయించాలి, మిగతావాళ్ళు వెనక నిలబెట్టాలి. ఇదీ మా కచేరీ.

ఆయన్ని నేను మొదట చూసింది ఆ కొట్లోనే. మా బావమరిది పెళ్ళికి మా ఆవిడ చీర తీసుకోవాలంది. మాండలిన్‌ని రిపేరుకి ఇచ్చి తెచ్చుకుంటూ ఉన్నాను కాబట్టి పెట్టె చేతిలోనే ఉంది. మా ఆవిడ నెమలికంఠం రంగు అడిగింది.

"ఉండాదిమా, చూపిస్తా," అని ఆయన ఒక చీర అందుకుని, అంచు పట్టుకుని మణికట్టు ఇలా తిప్పాడు. అంత బరువు పట్టుచీర గాల్లోకి లేచి, కౌంటరు మీది తెల్ల దుప్పటి మీద ఒక్క ముడత లేకుండా పరుచుకుంది. నేను చీర చూడలేదు, ఆ మణికట్టునే చూశాను. ఏళ్ళ తరబడి వీడియోలు చూసి నాకు రానిది ఆ మణికట్టులో ఉంది. మా ఆవిడ మాత్రం చీర చూసి, "ఇది రామా గ్రీన్ కదండీ," అంది. "పగటి వెలుతురులో చూడండిమా," అన్నాడాయన. ఇంకో పావుగంటకి మా ఆవిడ ఆ రామా గ్రీనే కొనేసింది. తను అడిగింది అదేనని ఇప్పటికీ వాదిస్తుంది.

బిల్లు వేసేలోగా ఆయన నా పెట్టె వైపు చూపించి, "లోపల ఏముండాది సార్? వయిలినా?" అని అడిగాడు. తెరిచి చూపించాను. చుట్టూ ఒకసారి చూసుకుని, ముట్టుకోవచ్చా అని సైగ చేశాడు. ఎనిమిది తీగల మీద ఒక్క వేలు పోనిచ్చాడు. పెద్ద చప్పుడేం కాలేదు. ఫ్లోర్ మేనేజరు తల తిప్పేసరికి చెయ్యి వెనక్కి లాక్కుని, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు: "ఇది నా వయసోళ్ళకు వస్తాదా సార్?"

"ఎందుకు రాదు?" అన్నాను, మాటవరసకి. అన్నందుకు ఆ ఆదివారమే చూలై వచ్చేశాడు. నేను వర్క్‌షాపు గుర్తులు సరిగ్గా చెప్పను కూడా లేదు. నన్ను సార్ అనడం రెండో వారానికల్లా మానేసి తంబీ అన్నాడు, నేను అన్నా అన్నాను. నెల తిరక్కుండానే పాత మాండలిన్ ఒకటి కొనుక్కున్నాడు.

కుడిచెయ్యి ఆయనకి నేర్పాల్సిన పని లేకపోయింది. ఎడమచెయ్యి మాత్రం ఏడిపించింది. పట్టు తడిమి తడిమి ఆ వేళ్ళు మెత్తబడిపోయాయి. తీగ నొక్కితే నొప్పి, వదిలితే అపస్వరం. గొణుగుతూనే నొక్కేవాడు. కూర్చుని నేర్చుకోమంటే కూర్చునేవాడు కాదు. జీవితమంతా కౌంటరు వెనక నిలబడ్డ మనిషి. ఆయన కాళ్ళ నరాలు తాళ్ళలాగా ఉబ్బి ఉండేవి. కొట్లలో అమ్మేవాళ్ళకి స్టూళ్ళు వెయ్యాలని చట్టం వచ్చాక ఆయన కౌంటరు వెనకా ఒకటి వేశారట. దాని మీద చీరలు పెట్టుకున్నానని చెప్పి నవ్వాడు.

ఆయన నోట లేదు అన్న మాట రాదు. కొట్లో అది నిషేధం. కస్టమరు ఏమడిగినా ఉందనాలి, ఉన్నదేదో చూపించాలి. ఆ అలవాటు చూలైకీ తెచ్చుకున్నాడు. గిటారు యజమాని ఏదో పాట పేరు చెప్పి, "అన్నా, ఇది వచ్చునా?" అంటే ఆయన తడుముకోకుండా, "ఉండాది, చూపిస్తా," అనేవాడు. వంతు రాగానే ఇంకేదో పాట వాయించేవాడు. అదీ గంభీరంగా, తల ఊపుతూ. మొదటిసారి పళ్ళ డాక్టరమ్మాయి నవ్వు ఆపుకోలేక బ్యాంజో కింద పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

"అన్నా, ఇది ఆ పాట కాదు."

"బోర్డరు చూడు తంబీ. బోర్డరు అదే కదా?"

నిజానికి బోర్డరు అదే. వెనక నడిచే గిటారు పట్లు, అంటే కార్డ్స్, రెండు పాటలకీ ఒకటే. అందుకే ఆయన తప్పు వాయించినా అతికినట్టు సరిపోయేది. దానితో నాకు ఇంకా చిరాకు. రామా గ్రీన్ అంటగట్టిన మనిషి పాటలు కూడా అంటగడుతున్నాడని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను.

ఒక్క పాట దగ్గర మాత్రం ఆ వేషాలు వెయ్యలేదు. దానికి మేము రైలు పాట అని పేరు పెట్టుకున్నాం. చాలా వేగం. మొదటిసారి అది విన్నరోజు ఆయన చాప్ కొట్టడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. అయ్యాక నా దగ్గరికి వచ్చి, "తంబీ, ఇది నాకు ఒరిజినల్ కావాల," అన్నాడు. "వేరే ఏదీ చూపించను. ఇదే నేర్పించు."

నేర్పించాను. రెండేళ్ళు పట్టింది, అప్పటికీ రాలేదు. అందులో రెండో సగంలో ఒక చోటు ఉంది. చిటికెన వేలు సాచి, సన్నతీగ మీద ఏడో మెట్టు నొక్కాలి. నొక్కీ నొక్కగానే పిక్ మధ్య తీగని దాటుకుని ఆ అవతలి తీగ మీద పడాలి. చెప్పడానికి ఇంతే. ఆయన చిటికెన వేలు పొట్టిది. ప్రతిసారీ అక్కడికి రావడం, ఆగడం, వేలి వైపు చూసుకోవడం, దాన్ని నెట్టి మెట్టు మీద పెట్టడం, మళ్ళీ మొదలెట్టడం. పరిగెత్తే రైలు ఆ చోట ఆగి, మళ్ళీ కదిలేది. ఉంగరం వేలితో వాయించే అడ్డదారి ఒకటి ఉందని చెప్పాను.

"నువ్వు ఏ వేలితో వాయిస్తావు?"

"చిటికెన వేలితోనే."

"మరి నాకు ఏంటికి ఇంకోటి చూపిస్తావు?" అన్నాడు. ఒకటి అడిగితే ఇంకోటి అంటగట్టడం చీరలమ్మే మనిషి దగ్గర కుదరదని అప్పుడు తెలిసింది.

ఇదంతా ఆయన ఇంట్లో సాధన చేసేవాడు. ఓటేరిలో ఇల్లు. భార్య కొట్టు నుంచి వచ్చే చీరలకి ఫాల్ కుడుతుంది. రాత్రి ఆవిడ మిషను తొక్కుతుంటే పక్కన నిలబడి వాయిస్తానని చెప్పేవాడు. "పాటంతా వాయిస్తావా అన్నా?" అని అడిగితే, "వచ్చేసిందాన్ని ఏంటికి వాయించేది? రానిదే వాయిస్తా," అనేవాడు. అంటే ఆ నాలుగు ముక్కలూ, ఆ ఆగే చోటూ. ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి అని మేము నవ్వుకునేవాళ్ళం.

వేగం దగ్గర మా అందరికీ ఆయనతో గొడవే. ఆయన వంతు రాగానే మేము తెలియకుండానే వేగం తగ్గించేవాళ్ళం. పెద్దాయన, పాపం, అని. ఎంత కొంచెం తగ్గించినా ఆయనకి తెలిసిపోయేది. వాయించడం ఆపేసి, అరచెయ్యి చూపించి, "తంబీ, ఫిక్స్‌డ్ రేట్. ఈడ బేరం లేదు," అనేవాడు. మేము నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

ఒక్కరోజు మాత్రం నవ్వలేదు. వానాకాలం, రేకుల మీద చినుకుల చప్పుడు. గిటారు యజమానికి ఆయనంటే ప్రాణం. ఆ రోజు ఆయన మొహం వాడిపోయి ఉందని చూసి, బాగా తగ్గించేశాడు. ఆ వేగంలో నిద్రపోతూ వాయించొచ్చు. ఆయన చిటికెన వేలు తీరిగ్గా మెట్టు మీద పడింది, పాట పూర్తయింది, ఎక్కడా ఆగలేదు. డాక్టరమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన మాండలిన్ తీసి లేతు మీద పెట్టాడు.

"మా కొట్లో ఎప్పుడు రేటు తగ్గిస్తాం, తెలుసునా మీకు? పీసు డ్యామేజీ అయితేనే తగ్గిస్తాం. నేనేమి డ్యామేజీ పీసా?"

ఆయన గొంతు పెంచడం మేము అదివరకు వినలేదు. గిటారు యజమాని ఏదో చెప్పబోయాడు.

"ఒక్క తూరి," అన్నాడాయన, వేలు చూపిస్తూ. "ఒక్క తూరి మీ స్పీడులో, మీరు ఎవురూ నన్ను చూడకుండా, నేను ఆ పాట వాయించాల. అది చాలు నాకు. ముప్పైయైదేండ్లు ఎవురెవురికో కావల్సింది తీసి తీసి చూపించినా. ఇది ఒకటి నాకు కావాల." మాట పూర్తిచేసి, గొడుగు తీసుకుని వానలో వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం ఏమీ జరగనట్టు వచ్చాడు. మేము మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వేగం తగ్గించలేదు. ఆయన ప్రతి ఆదివారం ఆ చోట ఆగుతూనే ఉన్నాడు.

ఇక ఆ ఆదివారం. మేము వచ్చేసరికే ఆయన వర్క్‌షాపు గేటు దగ్గర ఉన్నాడు. చేతిలో మాండలిన్ పెట్టె, భుజాన పసుపుపచ్చ గుడ్డసంచి. సంచిలోంచి తువ్వాలు, ఫ్లాస్కు మూత కనిపిస్తున్నాయి. "ఊరికా అన్నా?" అన్నాను. "ఆమా, చిన్న పని," అన్నాడు. లేదు అనడం రాని మనిషి కదా, అబద్ధం కూడా అవుననే చెప్పాడు.

డాక్టరమ్మాయి రాలేదు. ఎవరికో పన్ను నొప్పి భరించలేనంతగా ఉందట, పీకి వస్తానని మెసేజి పెట్టింది. బ్యాంజో లేకుండా రైలు పాట నిలబడదు. ఆయన గేటు దాకా వెళ్ళడం, వీధి చివరి దాకా చూడడం, తిరిగి రావడం. టీ తెప్పిస్తే వద్దన్నాడు. "కూర్చో అన్నా, వస్తుంది," అన్నాను. అప్పుడు మాకు తెలియదు గానీ, అవతల ఆస్పత్రి బెంచీ మీద ఒకావిడ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని ఇలాగే దారి చూస్తోంది. ఇవతల ఈయన ఎవరిదో పన్ను ఊడిరావడం కోసం కాచుకుని ఉన్నాడు.

ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఎండ నడినెత్తికి చేరుతోంది. శ్రుతి చూసుకోవడం కూడా పూర్తికాలేదు. "రైలు పాట," అన్నాడాయన. మామూలుగా చేతులు వేడెక్కాక, ఆఖర్న వాయిస్తాం. "మొదటే ఎందుకన్నా?" అంటే, "అదే దా," అన్నాడు, అదే కావాలన్నట్టు.

మొదలుపెట్టాం. బ్యాంజో వంతు అయింది, నా వంతు అయింది. ఆయన వైపు తల ఊపాను. ఊపి, ఆయన చెప్పినట్టే, చూపు తిప్పుకుని మూలనున్న నూనె డబ్బా వైపు చూస్తూ చాప్ కొట్టాను. మొదటి సగం గడిచింది. ఆ చోటు వస్తోంది. ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు ఆగుతాడు అనుకుంటున్నాను. తీరా చూస్తే పాట ఆ చోటు దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆగలేదు. నా చాప్ తప్పిపోయింది. గిటారు యజమాని వాయించడం ఆపకుండానే ఏదో కేక పెట్టాడు. డాక్టరమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన మాత్రం ఎవరినీ చూడకుండా చివరిదాకా వాయించి, వంతు మళ్ళీ బ్యాంజోకి ఇచ్చేశాడు. పట్టుమని అర నిమిషం లేదు. రెండేళ్ళలో ఆ వేగంలో ఆయన చేతుల్లో నేను విన్న మొట్టమొదటి ఒరిజినల్ అది.

ఆ తర్వాత ఆయన ఎక్కువసేపు లేడు. మాండలిన్ ఇక్కడే ఉండనీ, బస్సులో ఇబ్బంది అన్నాడు. వచ్చే ఆదివారం వస్తావా అన్నా అంటే, వస్తా తంబీ అని సంచి భుజాన వేసుకున్నాడు.

ఇంతే నాకు తెలిసింది. కొట్లో ఆ మాట విన్నాక, ఆ మాండలిన్ తీసుకుని ఓటేరి వెళ్ళాను. గిటారు యజమాని వస్తానన్నాడు గానీ వర్క్‌షాపు గేటు దాకా వచ్చి ఏడుస్తూ నిలబడిపోయాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. తిడితే పడాలని సిద్ధపడే వెళ్ళాను.

తలుపు తీసింది ఆయన భార్యే. ఆయన కంటే పొడుగు. ఒకే గది. కిటికీ దగ్గర కుట్టు మిషను, దాని మీద సగం ఫాల్ వేసిన చీర. గోడ మీద ఆయన ఫోటో, దండ. ఆవిడ నన్ను చూడలేదు, నా చేతిలో పెట్టెని చూసింది.

"నువ్వేనా ఆ తంబీ?"

"నేనే వదినా. ఆస్పత్రి సంగతి మాకు తెలీదు. ఒట్టు."

"మీకు చెప్పుంటే మీరు పంపించేస్తారు. అందుకే చెప్పలా. నాకు చెప్పుంటే నేను పోనీను. అందుకే నాకూ చెప్పలా." గొంతులో ఏడుపు లేదు. "ముందు పోయి చీటీ రాయించి పెడతా, నువ్వు అన్నం వండుకోని రా అన్నాడు. పోతే లేడు. నర్సును అడిగినా, వాచ్‌మనును అడిగినా. దారిలో యాడన్నా పడిపోయినాడేమో అనుకోని కాళ్ళూ చేతులూ ఆడలా నాకు. మద్దేనం దాటినాక సంచి యేసుకోని నిమ్మళంగా వచ్చినాడు. యాడికి పోయినావంటే, వాయించేదానికి పోయినా అన్నాడు. ఆ కాస్త ఆలస్యానికి ఏమీ కాలేదమ్మా, ఆపరేషన్‌ని గుండె తట్టుకోలేదు అని డాక్టరు అంటాడు. అది వదిలెయ్. నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన ఏం వాయించినాడో అది వాయించు."

ఉలిక్కిపడ్డాను. "ఇప్పుడా వదినా? ఇంట్లో..."

"చావు జరిగిన ఇంట్లో వాయించకూడదని నాకు తెలుసు. ఆస్పత్రిలో చేరాల్సిన దినం వాయించకూడదని ఆయనకు తెలీలా. వాయించు."

పెట్టె తెరిచి, ఆయన మాండలిన్ తీసి, శ్రుతి చేశాను. ఆవిడ మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. ఆ ఆదివారం మేము వాయించిన వేగంలోనే, ఆయన వంతు ఎంతో అంతే వాయించాను. ఆపి తలెత్తాను. ఆవిడ పాట ఇంకా ఉందని ఎదురుచూస్తోంది.

"ఇంతేనా?"

"ఇంతే వదినా."

"దీనికా?" అంది. నేను తల దించుకున్నాను. ఆవిడే మళ్ళీ, "ఇది కాదు," అంది. "రెండేండ్లు రేయీ పగలూ ఈడ ఆయన వాయించింది ఇది కాదు. ఇది నేను ఎప్పుడూ వినలా."

అప్పుడర్థమైంది. ఆవిడ ఆ పాటని ముక్కలు ముక్కలుగా, నెమ్మదిగా తప్ప వినలేదు. రెండో సగం అందుకుని, కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాయించే వేగంలో వాయించాను. ఆవిడ మొహం మారిపోయింది. కాలు మిషను పెడలు మీద దానంతట అదే కదిలింది. "ఆమా, ఇదే," అంది. ఆ చోటు వచ్చింది. చిటికెన వేలు పెట్టి ముందుకు వెళ్ళబోయాను. ఆవిడ చటుక్కున చెయ్యెత్తింది.

"ఆడ ఆగాల."

నేను వేళ్ళు తీగల మీంచి తీశాను.

"ఆడ రవంత ఆగాల. ఆయన ఆడ ఆగతాడు. అప్పుడు నేను దారం తెంపుకుంటా."

ఏం చెప్పాలి? రెండేళ్ళు ఆ తప్పుతోనే ఆవిడకి ఆ పాట అలవాటైంది. ఒక చీర అంచు కుట్టడం, ఆయన ఆగడం, దారం తెంపడం, ఆయన మళ్ళీ మొదలెట్టడం. ఆగకూడదు వదినా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పకుండా ఆ గదిలోంచి బయటికి రాలేనని కూడా అనిపించింది.

"ఆ ఆదివారం ఆగలేదు వదినా. అందుకే వచ్చాడు. ఆ చోట ఆగకుండా ఒక్కసారి వాయించాలని ఆయన కోరిక. ఆపరేషనయ్యాక ఎప్పటికి మాండలిన్ పట్టుకోగలడో, అసలు పట్టుకోగలడో లేదో అని వచ్చుంటాడు. వాయించాడు."

"ఆగలా?"

"ఆగలేదు."

ఆవిడ రెండు చేతులూ చీర మీద పెట్టుకుంది. కింద వీధిలో ఎవరో నీళ్ళ లారీ కోసం అరుస్తున్నారు.

"వాయించినాక ఏం చేసినాడు? నవ్వినాడా?"

నవ్వాడని చెబితే సరిపోయేది. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "నవ్వలేదు. పాట అయిపోగానే, టైమెంతయింది తంబీ అని అడిగాడు."

"అంటే నేను ఆడ కూచోనుండానని గుర్తుండాది ఆయనకు."

"ఉంది వదినా."

"గుర్తుండే వాయించినాడు."

ఆవిడ పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. కోపమో దుఃఖమో నాకు తెలియలేదు, బహుశా ఆవిడకీ తెలియలేదు. కాసేపటికి లేచి, ఫోటో దగ్గరికి వెళ్ళి, దండ సర్దినట్టు చేసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఇంకొక తూరి వాయించు. ఆయన వాయించినట్టే. స్పీడుగా, ఆగకుండా."

మొదలుపెట్టాను. ఆవిడ నా మొహం చూడడం లేదు, నా ఎడమచేతి వేళ్ళనే చూస్తోంది. ఆ చూపు కింద నా చెయ్యి బిగుసుకుపోయింది. ఏళ్ళ తరబడి వాయిస్తున్నవాణ్ణి, ఇందాకే వాయించినవాణ్ణి. ఆ చోటు రాగానే చిటికెన వేలు మెట్టు మీంచి జారింది. పాట తెగిపోయింది. నేను వేలి వైపు చూసుకుంటూ ఉండిపోయాను.

ఆవిడ ముందుకి వంగింది. వచ్చినప్పటినుంచీ బిగించి ఉన్న మొహం మొదటిసారి సడలింది.

"చూస్తివా? నువ్వే ఆగితివి," అంది. "ఆయన ఆగలా."